పిక్క కండరాన్ని కదిలించే పని: ప్రాజెక్టు డైరీ

ఎందుకు మొదలుపెట్టాను

మోకాలి పైనుంచి మడమ దాకా ఎమ్మారై తీయించి, ఆ బొమ్మల్లోంచి పిక్క కండరాలను కంప్యూటర్లో కట్టి, చీలమండను పైకీ కిందికీ తిప్పితే లోపల పోగులు ఎలా జరుగుతాయో చూడాలి. ప్రాజెక్టు అంతా ఇదే. కాలు నాదే. కండరాలు మూడే తీసుకున్నాను: గ్యాస్ట్రాక్‌నీమియస్ లోపలి తల, బయటి తల, వాటి అడుగున ఉండే సోలియస్. మూడూ కిందికి దిగేకొద్దీ కలిసిపోయి ఆకిలిస్ టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టే తాడు లాంటిది) అయి మడమ ఎముకను పట్టుకుంటాయి. చిన్న జాగాలా కనిపిస్తుంది గానీ నడకలో శరీరాన్ని ముందుకు తోసే బలంలో పెద్ద వాటా ఇక్కడిదే. పైగా గ్యాస్ట్రాక్‌నీమియస్ మోకాలినీ చీలమండనీ రెండింటినీ దాటుతుంది, సోలియస్ చీలమండను ఒక్కదాన్నే దాటుతుంది, అయినా చివరికి రెండూ లాగేది ఒకే టెండన్‌ని. ఈ చిక్కు నాకు మొదటి నుంచీ ఇష్టం.

రెడీమేడ్ మోడల్స్ ఉండగా ఇంత శ్రమ ఎందుకని కొందరు అడిగారు. శరీర కదలికలను లెక్కగట్టే ఓపెన్‌సిమ్ సాఫ్ట్‌వేర్‌లో వాడే 2016 నాటి రాజగోపాల్ మోడల్ నిజంగా గొప్ప పని. కాళ్లకు 80 కండర యూనిట్లు ఉన్నాయి, 21 మృతదేహాల కొలతలు, 24 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకుల ఎమ్మారైలు దాని వెనక ఉన్నాయి. దాన్ని మన ఎత్తుకూ బరువుకూ తగ్గట్టు సాగదీసి వాడుకుంటాం. మామూలు పెద్దవాళ్ల నడకకు అది చాలు. ఎముక మెలి తిరిగి ఉన్న పిల్లల దగ్గరికో, టెండన్‌ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చి కుట్టిన కాలి దగ్గరికో వచ్చేసరికి మాత్రం సాగదీత పనికిరాదు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల మీద అదుపు తగ్గే స్థితి) ఉన్న పిల్లలు కొందరు మోకాళ్లు వంచుకుని నడుస్తారు. తొడ వెనక కండరాలు పొట్టిగా ఉన్నాయి కాబట్టే వంగుతున్నాయనుకుని వాటిని పొడిగించే ఆపరేషన్ చేసేవారు. 1996లో స్కాట్ డెల్ప్ బృందం మోడల్‌తో లెక్కేసి చూస్తే, అలా నడిచేవాళ్లలో ఎక్కువమందికి ఆ కండరాల పొడవు నడకలో మామూలుగానే, లేదా మామూలుకంటే ఎక్కువగానే ఉందని తేలింది. ఒక పిల్లాడి కాలి మీద కత్తి పెట్టాలా వద్దా అన్న నిర్ణయానికి ఈ లెక్కలు సాయపడతాయి. అలాంటప్పుడు లెక్క ఆ పిల్లాడి కాలిదే అయి ఉండాలి కదా. అందుకే ముందు నా కాలి మీద పద్ధతి నేర్చుకుంటున్నాను.

స్కాన్

టీ1 అనే రకం ఎమ్మారై బొమ్మలు తీయించాం. వాటిలో కొవ్వు తెల్లగా మెరుస్తుంది, కండరం బూడిద రంగులో, టెండన్, ఎముక పైపొర నల్లగా కనిపిస్తాయి. కండరాల మధ్య ఉండే సన్నటి కొవ్వు గీతలే మనకు సరిహద్దులు కాబట్టి కొవ్వు తెల్లగా రావడమే కావాలి. స్లైసు మందం 5 మిల్లీమీటర్లు, స్లైసులో ఒక్కో చుక్క ఒక మిల్లీమీటరు. కాలు పొడవుగా ఉంటుంది కాబట్టి రెండు విడతలుగా తీసి, మధ్యలో కొంత భాగం రెండింటిలోనూ వచ్చేలా చూసుకున్నాం, తర్వాత అతకడానికి.

పడుకునే తీరు గురించి ఎవరూ పెద్దగా రాయరు గానీ నా లెక్కలో సగం పని అక్కడే ఉంది. వెల్లకిలా పడుకుంటే పిక్క బల్లకు ఆనుకుని చప్పిడి అవుతుంది, బొమ్మలో వచ్చేది ఆ నొక్కుకుపోయిన ఆకారమే. మోకాలి కింద ఒక మెత్త, మడమ కింద ఒక మెత్త పెట్టి పిక్క గాలిలో ఉండేలా చేశాం. ఇంకోటి, వదులుగా పడుకుంటే పాదం దానంతట అదే కిందికి వాలుతుంది. ఆ కోణం ఎంతో కొలిచి రాసుకోకపోతే తర్వాత మోడల్‌లో సున్నా డిగ్రీలు ఎక్కడో తెలియదు. పాదానికి గట్టి ప్లాస్టిక్ అచ్చు కట్టి లంబకోణంలో నిలిపాం. అచ్చులో లోహం ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు.

స్కాన్ బొమ్మలు వచ్చే డైకామ్ ఫైళ్లలో పేరు, పుట్టిన తేదీ అన్నీ దాగి ఉంటాయి. ఎవరికైనా పంపే ముందు వాటిని తీసేయండి, కాలు మీ సొంతమే అయినా సరే.

గీతల పని

ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. త్రీడీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో స్లైసు తెరిచి ఒక్కో కండరం చుట్టూ గీత గీయడం. అంతకంటే ముందు వెలుతురు సరిచేయాలి, ఎందుకంటే స్కానర్‌లో సిగ్నల్ అందుకునే కాయిల్‌కు దగ్గరగా ఉన్న కండరం తెల్లగా, దూరంగా ఉన్నది చీకటిగా వస్తుంది. ఎన్4 అనే సవరణ ఆ తేడాను చాలావరకు చదును చేస్తుంది. అది చేయకపోతే ఒకే కండరం లోపలి భాగం ఒక రంగు, బయటి భాగం ఇంకో రంగు అయి, రంగును బట్టి పనిచేసే ఏ పనిముట్టూ మనకు పనికిరాదు.

పిక్క నడిమధ్యలో గీయడం సులువు. గ్యాస్ట్రాక్‌నీమియస్ లోపలి తలకూ సోలియస్‌కూ మధ్య ఒక నల్ల గీత, దాని పక్కనే సన్నటి తెల్ల గీత, కళ్లు మూసుకున్నా దొరుకుతాయి. కిందికి దిగేకొద్దీ కష్టం మొదలవుతుంది. గ్యాస్ట్రాక్‌నీమియస్ పలచబడి పొరగా మారిపోయే చోట, ఒక చుక్కలో సగం కండరం, సగం టెండన్ పడతాయి. ఆ చుక్క రంగు రెండింటి సగటు. దాన్ని ఎటు వేసుకోవాలన్నది మనిషి నిర్ణయమే. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే ఏమవుతుందని అనిపిస్తుంది, కానీ అలాంటి అంచు కండరం చుట్టూ, ప్రతి స్లైసులోనూ ఉంటుంది, అంతా కలిపితే ఘనపరిమాణంలో తేడా బాగానే కనిపిస్తుంది. నేను పెట్టుకున్న నియమం: పై స్లైసులో, కింది స్లైసులో అదే చోట ఏముందో చూసి, రెండింటిలోనూ కండరమైతేనే కండరం. నియమం ఏదైనా ఫరవాలేదు, ముందే రాసుకుని చివరిదాకా దానికే కట్టుబడాలి.

రెండు కండరాల మధ్య నుంచి ప్లాంటారిస్ అనే సన్నటి టెండన్ ఒకటి పోతుంది. ఒక్క స్లైసు మాత్రమే చూస్తే అదొక నల్ల చుక్క, రక్తనాళమో టెండనో అర్థం కాదు. పైకీ కిందికీ స్లైసులు జరుపుతూ వెంబడిస్తే లోపలి వైపుకి దిగుతూ కనిపిస్తుంది. దాన్ని విడిగా ఉంచాను.

ప్రతి స్లైసూ గీయక్కర్లేదు. రెండు మూడు స్లైసులకు ఒకటి గీస్తే మధ్యవి సాఫ్ట్‌వేర్ నింపుతుంది, కండరం నిండుగా ఉన్నచోట అది బాగానే పనిచేస్తుంది, మొదళ్లలో చివర్లలో మాత్రం ప్రతి స్లైసూ చేత్తోనే గీయాలి. తర్వాత ఉపరితలం నునుపు చేయాలి, లేకపోతే మెట్లుమెట్లుగా ఉంటుంది. మామూలు నునుపు పద్ధతి ప్రతిసారీ ఆకారాన్ని కొంచెం కుదిస్తుంది, సన్నటి చివరలను తినేస్తుంది. టౌబిన్ పద్ధతిలో ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి నెట్టడం వల్ల ఘనపరిమాణం దాదాపు నిలుస్తుంది. నునుపుకు ముందు, తర్వాత ఘనపరిమాణం రాసుకోండి, ఇది మాత్రం మరవకండి.

ఘనపరిమాణం చేతికొచ్చాక బలం లెక్క

నా సోలియస్ సుమారు 430 ఘన సెంటీమీటర్లు వచ్చింది. కండరం బలం దాని పొడవును బట్టి కాదు, పోగులకు అడ్డంగా కోస్తే వచ్చే వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. ఘనపరిమాణాన్ని పోగు పొడవుతో భాగించి, పోగుల వాలును లెక్కలోకి తీసుకుంటే ఆ వైశాల్యం వస్తుంది. పోగు పొడవు ఎమ్మారైలో కనిపించదు కాబట్టి మృతదేహాల మీద 2009లో వార్డ్ బృందం కొలిచిన సగటు 4.4 సెంటీమీటర్లు, వాలు 28 డిగ్రీలు తీసుకున్నాను. వచ్చింది సుమారు 86 చదరపు సెంటీమీటర్లు. అదే మృతదేహాల్లో సగటు 52 దగ్గర ఉంది. వయసు మళ్లిన, కండ తగ్గిన శరీరాలకూ బతికున్న కాలికీ ఉండే తేడా ఇది. బతికున్న మనిషి బొమ్మ ఎందుకు కావాలో ఇక్కడే తెలిసిపోతుంది.

ఆ వైశాల్యాన్ని చదరపు సెంటీమీటరుకు ఇన్ని న్యూటన్లు అనే సంఖ్యతో గుణించాలి. ఆ సంఖ్య మీద ఏకాభిప్రాయం లేదు, 20 పైచిలుకు నుంచి 60 దాకా వాడతారు. 25 వేస్తే నా సోలియస్ బలం 2,150 న్యూటన్లు, 60 వేస్తే 5,160. నెలల తరబడి ఒక్కో మిల్లీమీటరు చూసి గీసిన గీతల తర్వాత ఒక్క గుణకం జవాబును రెట్టింపు కంటే ఎక్కువ మార్చేస్తుంది. ఇది నన్ను చాలా రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. ఇప్పుడు నా పద్ధతి: బలాన్ని న్యూటన్లలో చెప్పను, మూడు కండరాల మధ్య నిష్పత్తిగా చెప్తాను. మూడింటికీ ఒకే గుణకం అనుకుంటే నిష్పత్తిలో అది కొట్టుకుపోతుంది.

ఎముకలు, ఇరుసు

ఇది త్వరగానే అయింది. చీలమండలో టేలస్ ఎముక పైభాగం గుండ్రంగా ఉంటుంది, దాని ఉపరితలానికి ఒక సిలిండర్‌ను సరిపెడితే ఆ సిలిండర్ మధ్య గీతే తిరుగుడు ఇరుసు. మోకాలికి తొడ ఎముక వెనక గుండ్లకు ఇంకో సిలిండర్. జాగ్రత్త పడాల్సింది దిక్కుల దగ్గర: డైకామ్‌లో ఎడమ, వెనక, పైకి అన్నవి పాజిటివ్, స్లైసర్ లోపల కుడి, ముందు, పైకి, ఓపెన్‌సిమ్‌లో ముందు, పైకి, కుడి. బొమ్మలు మిల్లీమీటర్లలో, ఓపెన్‌సిమ్ మీటర్లలో. కుడి కాలు ఎడమ కాలై బయటికొచ్చినా తెర మీద చూడ్డానికి చక్కగానే ఉంటుంది కాబట్టి, ఫిబ్యులా (మోకాలి కింద ఉండే సన్నటి ఎముక) బయటి వైపే ఉందా అని ప్రతి ఎగుమతి తర్వాతా చూడటం అలవాటు చేసుకున్నాను.

గీత మోడల్

ముందు ఓపెన్‌సిమ్‌లో ఒక్కో కండరాన్ని ఒక్కో గీతగా కట్టాను. మొదలు, చివర, మధ్యలో ఎముక చుట్టూ తిరిగే చోట ఒక సిలిండర్. చీలమండ తిప్పితే గీత పొడవు మారుతుంది, ఆ మార్పును కోణం మార్పుతో భాగిస్తే మొమెంట్ ఆర్మ్, అంటే ఆ కండరం కీలును ఎంత దూరం నుంచి లాగుతోందన్నది వస్తుంది. ఆకిలిస్‌కు అది సుమారు 5 సెంటీమీటర్లు. అంటే పాదం 20 డిగ్రీలు పైకి లేస్తే టెండన్ చివర దాదాపు 17 మిల్లీమీటర్లు కిందికి జరగాలి. నా మోడల్‌లోనూ దాదాపు అంతే వచ్చింది, చాలా సంతోషమేసింది.

మోకాలి దగ్గర అంత సాఫీగా సాగలేదు. గ్యాస్ట్రాక్‌నీమియస్ గీత తొడ ఎముక గుండ్ల వెనకగా పోవాలి. మోకాలు బాగా వంచినప్పుడు ఒక కోణం దగ్గర గీత ఉన్నట్టుండి సిలిండర్‌కు అవతలి వైపు దూకేది, గ్రాఫ్‌లో మొమెంట్ ఆర్మ్ నిట్టనిలువుగా పడిపోయేది. నిజమైన కండరం అలా దూకదు కదా. సిలిండర్‌ను చిన్నది చేస్తే దూకుడు ఆగుతుంది గానీ గీత ఎముకలోంచి పోతుంది. చివరికి సిలిండర్ వ్యాసం మార్చకుండా, కండరం మొదలు దగ్గరే ఒక అదనపు బిందువు పెడితే కుదిరింది. ఆ బిందువు ఎక్కడ పెట్టాలన్నది ఊహించి పెట్టలేదు, ఎమ్మారైలో ఆ తల మధ్య గీత ఎక్కడ పోతుందో చూసి అక్కడే పెట్టాను.

టెండన్ ఎంత సాగుతుంది

ఇక్కడి నుంచి ఎమ్మారై ఒక్కటే సరిపోలేదు. టెండన్ బిగుసుకోక ముందు దాని పొడవు ఎంతన్నది హిల్ తరహా కండర నమూనాల్లో (కండరాన్నీ టెండన్‌నీ స్ప్రింగుల్లా లెక్కగట్టేవి) జవాబును అన్నిటికంటే ఎక్కువ ఊపేసే సంఖ్యల్లో ఒకటి. అది ఏ నిశ్చల చిత్రంలోనూ కనిపించదు. టెండన్ సాగదనుకుంటే పైన చెప్పిన 17 మిల్లీమీటర్లూ పోగులే భరించాలి. కానీ 2002లో హెర్బర్ట్ బృందం మనుషుల మీద అల్ట్రాసౌండ్‌తో కొలిస్తే, కండరం వదులుగా ఉండగా కీలు తిప్పినప్పుడు గ్యాస్ట్రాక్‌నీమియస్ మొత్తం పొడవు మార్పులో పోగుల వాటా 27 శాతమే. మిగతాదంతా టెండన్‌ది, పొరలది.

కాబట్టి అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ను పిక్క లోపలి వైపు కట్టి, పాదాన్ని మెల్లగా తిప్పుతూ చూశాం. తెర మీద పైనొకటి, కిందొకటి తెల్లటి పొరలు, వాటి మధ్య ఏటవాలుగా, ఈక మీది నూగులా పోగులు. పాదం బాగా కిందికి వాలి ఉన్నప్పుడు పోగులు కొంచెం వంపు తిరిగి వదులుగా ఉంటాయి, మొదట్లో పాదం తిప్పినా వాటి పొడవు మారదు. ఒక కోణం దాటాక నిటారుగా బిగుస్తాయి, అక్కణ్నుంచి పొడవు పెరగడం మొదలవుతుంది. ఆ కోణాన్ని పట్టుకుని టెండన్ వదులు పొడవును మోడల్‌లో అందుకు తగ్గట్టు మార్చాను. ప్రోబ్‌ను గట్టిగా నొక్కితే కండరం చప్పిడి అవుతుంది, కొంచెం పక్కకు తిరిగితే పోగు పొట్టిగా కనిపిస్తుంది. పోగు మొత్తం, రెండు కొనలూ, ఒకే చిత్రంలో స్పష్టంగా కనిపిస్తేనే ప్రోబ్ సరైన తలంలో ఉన్నట్టు లెక్క.

నడకలో కూడా ఇదే సంగతి. 2001లో ఫుకునాగా బృందం చూపించినట్టు, పాదం నేల మీద ఉన్న మధ్య భాగంలో గ్యాస్ట్రాక్‌నీమియస్ పోగులు దాదాపు ఒకే పొడవులో ఆగి ఉంటాయి, సాగేదీ తిరిగి ముడుచుకునేదీ టెండన్. బయటి నుంచి కీలు కోణం చూసి కండరం సాగుతోందని అనుకుంటే లోపల పోగు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఎముకల కదలికను కొలిచి కండరం కదలిక తెలిసిందనుకోవడం ఎందుకు కుదరదో నాకు పూర్తిగా అర్థమైంది ఇక్కడే.

గీత నుంచి ముద్దకు

గీత మోడల్ పోగుల కోణాన్ని ఒక చిన్న లెక్కతో సరిపెడుతుంది: కండరం మందం మారదని అనుకుంటుంది. పోగు 5 సెంటీమీటర్లు, వాలు 20 డిగ్రీలు అనుకోండి. పోగు ఒక సెంటీమీటరు ముడుచుకుంటే, మందం అలాగే ఉండాలంటే వాలు 25 డిగ్రీలు దాటాలి, అప్పుడు టెండన్ 1.08 సెంటీమీటర్లు కదులుతుంది. పోగు ముడుచుకున్న దానికంటే టెండన్ ఎక్కువ కదిలింది. మందం తగ్గితే ఈ లాభం తగ్గుతుంది, ఉబ్బితే పెరుగుతుంది. కండరం ఎటు ఉబ్బుతుందన్నది పక్కన ఎముక ఉందా, ఇంకో కండరం ఉందా, గట్టి పొర ఉందా అన్నదాన్ని బట్టి. గీతకు పక్కలు లేవు, అందుకే త్రీడీ ముద్ద కావాలి. 2005లో బ్లెమ్‌కర్, డెల్ప్ ఈ దారి చూపించారు, ఒకే కండరంలో వేర్వేరు పోగులకు మొమెంట్ ఆర్మ్ వేర్వేరుగా ఉంటుందని.

ముద్దలో పోగుల దిశ నింపడానికి లాప్లాస్ సమీకరణం వాడాను. మొదలు పొర నుంచి చివరి పొరకు ఒక ప్రవాహం పోతుందనుకుంటే ఆ ప్రవాహ రేఖలే పోగుల దారులు. గ్యాస్ట్రాక్‌నీమియస్‌లో ఇది వెంటనే కుదిరింది. సోలియస్ ముందు భాగంలో మాత్రం మధ్యన ఒక నిలువు పొర ఉంటుంది, దానికి రెండు వైపుల నుంచీ పోగులు వచ్చి చేరతాయి. ఆ పొర గీయకపోతే ప్రవాహం దానిలోంచి సూటిగా పోయి, శరీరంలో లేని పోగులు పుట్టుకొస్తాయి. అడ్డంగా కోసిన స్లైసుల్లో ఆ పొర ముందు నుంచి వెనక్కి ఒక సన్నటి నల్ల గీతలా దొరికింది, ప్రతి స్లైసులో కాదు గానీ కలపడానికి సరిపడా.

దీన్ని సరిచూడటానికి డిఫ్యూజన్ ఎమ్మారై తీయించాం. నీరు పోగు వెంట సులువుగా, పోగుకు అడ్డంగా కష్టంగా కదులుతుంది, ఆ తేడా నుంచి దిశ పట్టుకుంటాం. కండరంలో సిగ్నల్ త్వరగా ఆరిపోతుంది కాబట్టి చిత్రం గరగరలాడుతూ వస్తుంది, కొవ్వు సిగ్నల్‌ను అణచకపోతే అది పక్కకు జరిగి కండరం మీద పడుతుంది. గీసుకుంటూ పోయే దారులు పొర దగ్గర ఆగకుండా దాటిపోతాయి, టీ1లో గీసిన సరిహద్దుతో కత్తిరించాలి. గ్యాస్ట్రాక్‌నీమియస్‌లో రెండు పద్ధతుల దిశలూ బాగా కలిశాయి. సోలియస్ పైభాగంలో కలవలేదు, అక్కడ డిఫ్యూజన్ దిశలనే నమ్మి వాడుతున్నాను.

ముద్దల సాగుదలను లెక్కగట్టే ఫెబియో సాఫ్ట్‌వేర్‌లో కండరానికనే తయారుగా ఒక పదార్థ నమూనా ఉంది, దాన్నే తీసుకున్నాను. కండరం ఆకారం మార్చుకుంటుంది గానీ ఘనపరిమాణం దాదాపు మార్చుకోదు. ముద్దను నాలుగు మూలల టెట్రాహెడ్రాలుగా (చిన్న పిరమిడ్ ముక్కలుగా) విడగొట్టి వల అల్లితే ఈ షరతు దగ్గర మొత్తం బిగుసుకుపోయి, కండరం ఉండాల్సిన దానికంటే చాలా గట్టిగా ప్రవర్తిస్తుంది. పది బిందువుల టెట్రాహెడ్రాలకు మారితే వదులైంది, లెక్కకు పట్టే సమయం బాగా పెరిగింది, తప్పదు. ఇంకో తలనొప్పి గ్యాస్ట్రాక్‌నీమియస్‌కూ సోలియస్‌కూ మధ్య జారుడు. రెండింటినీ అతికిస్తే లెక్క హాయిగా పూర్తవుతుంది, కానీ అల్ట్రాసౌండ్‌లో అవి ఒకదాని మీద ఒకటి జారడం కళ్లకు కనిపిస్తోంది. ఆకిలిస్ టెండన్‌లో కూడా మూడు కండరాల వాటాలు మెలి తిరిగి దిగుతాయి, లోతు భాగం పై భాగం కంటే ఎక్కువ జరుగుతుంది. జారుడు కాంటాక్ట్ పెట్టాక లెక్క మధ్యలో తెగిపోతోంది, కోణాన్ని చాలా చిన్న చిన్న అడుగుల్లో తిప్పితేనే చివరిదాకా వెళ్తోంది.

ఇప్పుడు ఎక్కడున్నాను

కండరం వదులుగా ఉండగా పాదం తిప్పినప్పుడు, పిక్క మధ్య భాగంలో మోడల్ పోగులూ అల్ట్రాసౌండ్ పోగులూ పొడవులోనూ వాలులోనూ దగ్గరగా నడుస్తున్నాయి. కింది చివర, పొర పలచబడే చోట, మోడల్ పోగులు మరీ ఎక్కువ సాగుతున్నాయి. పొర గట్టిదనం అన్నిచోట్లా ఒకటే పెట్టాను, అక్కడ అది సరిపోవడం లేదని నా అనుమానం. మొత్తం టార్క్ (కీలును తిప్పే బలం) ఒక్కటే కావాలంటే గీత మోడల్ చాలని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. పోగు ఎక్కడ ఎక్కువ సాగుతోంది, ఎక్కడ చిరిగే అవకాశం ఉంది అన్న ప్రశ్నకు మాత్రం ముద్ద మోడల్ తప్ప దారి లేదు.

తర్వాతి పని, పాదం పైకి లేపి అచ్చు కట్టి రెండో టీ1 స్కాన్ తీయించడం. మొదటి స్కాన్ నుంచి కట్టిన మోడల్‌ను ఆ కోణానికి తిప్పి, రెండో స్కాన్‌లో గీసిన సరిహద్దుల మీద పరిచి, ఎక్కడెక్కడ ఎన్ని మిల్లీమీటర్లు తేడా వస్తుందో చూస్తాను. ఆ స్కాన్ సరిహద్దులు మోడల్ నడవక ముందే గీయాలి, జవాబు చూశాక గీస్తే చెయ్యి అటే పోతుంది. కండరాన్ని బిగించి కదిలిస్తూ కొలవాలంటే సినీ ఫేజ్ కాంట్రాస్ట్ ఎమ్మారై ఉంది, చుక్క చుక్కకూ వేగం చెప్తుంది, కాకపోతే ఒకే కదలికను ఒకే లయలో చాలాసార్లు చేయాలి. అందుకు పాదం పెట్టుకునే లోహం లేని తొక్కుడు పీట ఒకటి కావాలి, దాని కొలతలు గీస్తున్నాను. అల్ట్రాసౌండ్‌లో పోగుల వెంట పడటానికి మీరెవరైనా వాడుతున్న పద్ధతి ఉంటే, ముఖ్యంగా సోలియస్ లోతు భాగంలో పనిచేసేది, రాయండి. అక్కడ నాకు చిత్రం ఇంకా సరిగ్గా రావడం లేదు.